వాన వెలిశాక వచ్చే వరద

2023 డిసెంబరు 5, మంగళవారం. మధ్యాహ్నం పన్నెండున్నరకూ రెండున్నరకూ మధ్య మిచాంగ్ తీవ్ర తుపాను బాపట్లకు కొంచెం దక్షిణంగా తీరం దాటింది. గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో వీచింది, ఉండుండి 110కి చేరింది. తీరం దాటాక తుపాను బలహీనపడింది. గుండ్లకమ్మ ఏటి పని మాత్రం అప్పటికి సగంలో ఉంది. మూడు రోజుల తర్వాత, డిసెంబరు 8న, మద్దిపాడు మండలం మల్లవరం దగ్గరున్న గుండ్లకమ్మ జలాశయం గేటు ఒకటి కొట్టుకుపోయింది. అంతకు పదిహేను నెలల ముందు, 2022 ఆగస్టు 31న, అదే ఆనకట్టకు ఇంకో గేటు అలాగే పోయింది. సాగుకూ ఒంగోలు తాగునీటికీ దాచుకున్న నీళ్ళు రెండుసార్లూ సముద్రం పాలయ్యాయి.

తుపాను వేరు, వరద వేరు. తుపానుకు పేరుంటుంది, తేదీ ఉంటుంది, తీరం దాటే గంట ఉంటుంది. దాన్ని చూసుకుని బడులకు సెలవులిస్తారు, పడవలు ఒడ్డెక్కిస్తారు, మత్స్యకారులుండే పల్లెపాలెం జనాన్ని పునరావాస కేంద్రాలకు తరలిస్తారు. ఎండ కాశాక అందరూ ఇళ్ళకు మళ్ళుతారు. సరిగ్గా ఆ ఇళ్ళకు మళ్ళే రోజునే వాగులు, ఏళ్ళు నిండుగా పారుతుంటాయి. చలికాలపు వరదలో చాలామంది ప్రమాదంలో పడేది ఈ ఎడంలోనే. వాళ్ళను కాపాడడానికి ముందుగా చేరేది కూడా బెటాలియన్లు కావు, పక్క వీధి వాళ్ళు. ఆ పక్క వీధి వాళ్ళకు నీటి స్వభావం ఎంత తెలుసు అన్నదే ఈ అధ్యాయం.

ముందు వాన సంగతి. దేశంలో ఎక్కువ భాగానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం. ఒంగోలు ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. నైరుతి గాలులు వెనక్కి మళ్ళి ఈశాన్యం నుంచి వీచడం మొదలయ్యాక, ఆ గాలి బంగాళాఖాతం మీదుగా తేమను మోసుకొస్తుంది. సముద్రం నేల అంత తొందరగా చల్లబడదు. తుపాను పుట్టడానికి సముద్రపు పైపొర 26.5 డిగ్రీల వేడి ఉంటే చాలు, నవంబరులో బంగాళాఖాతం దక్షిణ భాగం దానికన్నా వేడిగానే ఉంటుంది. అందుకే దీపావళికీ సంక్రాంతికీ మధ్య ఈ తీరం ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. అదే సమయంలో పత్తి తీతలకు వస్తుంది, మిరప పూత, పిందె మీద ఉంటుంది, పొగాకు నారు అప్పుడే నాటి ఉంటారు. రైతు పెట్టుబడి మొత్తం చేలో ఉన్న రోజులవి.

తుపాను ఎక్కడ తీరం దాటిందన్న దాన్ని బట్టి ఒంగోలు పక్కన తీరంలో ఉన్న కొత్తపట్నం కష్టం మారిపోతుంది. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు తీరాన్ని తాకే తుపానుకు ఉత్తరం పక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, దక్షిణం పక్కన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను కన్ను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మాత్రం దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమ మీద పడింది. అయిదారు మీటర్ల ఎత్తున వచ్చిన నీరు పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. కొత్తపట్నం ఆ రోజు వలయానికి రెండో పక్కన ఉంది. మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినప్పుడూ రెండో పక్కనే ఉంది. అలాంటప్పుడు ఈ ఊళ్ళకు సముద్రం కన్నా వాన, వాగు ఎక్కువ ముప్పు. అదే కన్ను కావలి దగ్గర దాటితే, 1989 నవంబరులో దాటినట్టు, లెక్క తిరగబడుతుంది, ఉప్పెన భయం ఇటు వస్తుంది. అందుకని తీరం దాటే చోటు యాభై కిలోమీటర్లు జరిగినా సహాయ బృందాలు పడవలు ఎక్కడ దించాలి, జనాన్ని ఎటు నడిపించాలి అన్నవి కొత్తగా ఆలోచించుకోవాలి. సముద్రం వస్తుందంటే లోపలికి పోవాలి, ఏరు వస్తుందంటే మిట్టకు పోవాలి. ఈ రెండూ ఎప్పుడూ ఒకే దారి కావు.

ఇక గుండ్లకమ్మ. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం, మార్కాపురం, అద్దంకి ప్రాంతాల మీదుగా రెండు వందల కిలోమీటర్లకు పైగా నడిచి, కొత్తపట్నానికి ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. దక్షిణాన ఇంకో ఏరుంది, మూసి. హైదరాబాదు మూసీకీ దీనికీ సంబంధం లేదు. రెండు ఏర్ల మధ్య చిక్కిన పల్లపు తీరం ఇది. గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతం ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు కిలోమీటరు మీద పడితే పది లక్షల లీటర్లు. పది సెంటీమీటర్ల వాన పరీవాహకం అంతటా పడితే సుమారు 28 టీఎంసీలు. అందులో మూడో వంతు మాత్రమే ఏట్లోకి చేరినా తొమ్మిది టీఎంసీలు దాటుతాయి. మల్లవరం జలాశయం నిండా పట్టేది 3.859 టీఎంసీలు. లక్ష క్యూసెక్కుల వరద మూడు గంటలు పారితే ఒక టీఎంసీ అవుతుంది, పదకొండు గంటల్లోపే ఖాళీ జలాశయం నిండిపోతుంది. పెద్ద వరదను దాచుకునే చోటు ఈ ఏటి మీద లేదు. గేట్లు ఎప్పుడు ఎత్తారు, ఎంత ఎత్తారు అన్న కబురు దిగువ ఊళ్ళకు సకాలంలో అందడమే రక్షణ.

ఎంత వాన ఏట్లోకి చేరుతుందన్నది నేల చెబుతుంది. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో నల్లరేగడి విస్తారం. ఎండాకాలంలో ఈ నేల చెయ్యి దూరేటంత నెర్రెలిచ్చి ఉంటుంది. మొదటి వానను ఆ నెర్రెలు మింగేస్తాయి. తడిసిన కొద్దీ అందులోని బంకమన్ను ఉబ్బి నెర్రెలు పూడుకుపోతాయి. ఆ తర్వాత నీరు గంటకు కొద్ది మిల్లీమీటర్లకు మించి లోపలికి దిగదు, పడిన వానలో ఎక్కువ భాగం పైపైనే పారుతుంది. అక్టోబరు వానకు పొంగని వాగు, అంతే వానకు డిసెంబరులో రోడ్డెక్కడానికి కారణం ఇది. ఏడాదిలో రెండో తుపాను, మూడో తుపాను గాలి తక్కువతో వచ్చినా వరద ఎక్కువ తేగలదు. వాతావరణ శాఖ ఇచ్చే గాలి వేగం ఒక్కటే చూసి ఇది చిన్న తుపానులే అనుకునేవాళ్ళకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

వరద అల సాధారణంగా గంటకు నాలుగైదు కిలోమీటర్ల వేగంతో కిందికి జరుగుతుంది. అంటే నల్లమల మీద పడ్డ వాన తీరానికి చేరేసరికి దాదాపు రెండు రోజులు. మార్కాపురంలో వాన వెలిసిన ఎన్నో గంటలకు కొత్తపట్నం పక్కన ఏరు పొంగుతుంది. దారిలో చేల నీళ్ళు, చెరువుల అలుగుల నీళ్ళు, చిన్నవాగుల నీళ్ళు కలుస్తూ ఆ అల ఇంకా సాగుతుంది. చివర మొగ దగ్గర మరో చిక్కు. తీరం వెంబడి సముద్రం ఇసుకను మోసుకొచ్చి ఏటి మొగకు అడ్డంగా పోస్తుంది. వేసవిలో సన్నబడిన ఏరు దాన్ని తొలుచుకోలేదు. వరద వచ్చినప్పుడు ముందు ఆ ఇసుక మేటను కోయాలి, అప్పటిదాకా నీరు వెనక్కి తన్ని పల్లపు చేల మీద, రొయ్యల చెరువుల మీద నిలుస్తుంది. పోటు వేళకు అల వచ్చి చేరితే నిలవ ఇంకాస్త లేస్తుంది, ఆటుకు తగ్గుతుంది. పోటు ఆటు వేళలు పల్లెపాలెంలో చదువు రాని ముసలమ్మకైనా తెలుసు. వరద ఎప్పుడు తీస్తుంది అన్న అంచనాకు ఆ లెక్క కావాలి. కంట్రోల్ రూములో కూర్చున్న ఇంజినీరూ, ఒడ్డున కూర్చున్న బెస్త పెద్దాయనా ఒక ఫోనులో మాట్లాడుకుంటే చాలు, రెండు సగాలు కలిసి ఒక అంచనా అవుతుంది.

ఇప్పుడు నీళ్ళలోకి దిగుదాం, కాగితం మీద.

పారే నీరు మనిషిని తోసే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. మోకాలి పై దాకా, అంటే అర మీటరు లోతు నీటిలో నిలబడ్డ మనిషి మీద, సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారే ప్రవాహం వేసే తోపు దాదాపు 35 కిలోల బరువుకు సమానం. సెకనుకు రెండు మీటర్లంటే గంటకు ఏడు కిలోమీటర్లు, హుషారుగా నడిచే మనిషి నడక కన్నా కాస్త ఎక్కువ. ఒడ్డున నిలబడి చూస్తే అది పెద్ద వేగంలా కనబడదు. పైగా నీరు మనిషిని పైకి లేపుతుంది, కాళ్ళ కింద పట్టు తగ్గిపోతుంది. లోతు పెరిగితే రెండు నష్టాలూ ఒకేసారి పెరుగుతాయి.

ఆస్ట్రేలియా నిపుణులు దీన్ని ఒక చిన్న లెక్కలో పెట్టారు. లోతును మీటర్లలో, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని రెంటినీ గుణించాలి. గుణకారం 0.4 దాటితే చాలామంది పిల్లలకు ప్రమాదం. 0.6 దాటితే పెద్దవాళ్ళలో కొందరికి ప్రమాదం. 0.8 శిక్షణ పొంది సరైన సామగ్రి ఉన్న సహాయ సిబ్బందికి పని చేయగల హద్దు. 1.2 దాటితే ఎవరైనా సరే కొట్టుకుపోతారు. అర మీటరు లోతు, రెండు మీటర్ల వేగం గుణిస్తే 1.0. మోకాలి లోతు నీళ్ళే కదా అనిపించే చప్టా, శిక్షణ పొందినవాడి హద్దును కూడా దాటేసింది. ప్రతి లో లెవెల్ చప్టా పక్కన రాతి మీద అడుగుల గీతలు గీసి, ఏ గీత దాటితే దారి మూయాలో ఊరి పెద్దలే రాసుకుంటే మేలు. వేగం కొలవడానికి యంత్రం అక్కర్లేదు. పది మీటర్ల దూరం అడుగులతో కొలిచి, తేలుతున్న కొబ్బరి డిప్ప ఆ దూరం ఎన్ని సెకన్లలో దాటిందో చూస్తే చాలు. అయిదు సెకన్లలో దాటితే సెకనుకు రెండు మీటర్లు.

చప్టా దిగువన ఇంకో గండం ఉంది. చప్టా మీంచి దూకే నీరు కిందికి తిరిగి, పైకి లేచి, మళ్ళీ చప్టా వైపే వెనక్కి వస్తుంది. కవ్వం కింద పడ్డ వెన్నలాగా అందులో పడ్డ మనిషి అక్కడక్కడే తిరుగుతాడు. పైకి చూస్తే నురగ తప్ప ఏమీ కనబడదు. ఆ నురగలో గాలి ఎక్కువ, అందుకని మనిషి తేలడం కూడా తగ్గిపోతుంది. మంచి ఈతగాళ్ళు కూడా ఇక్కడ పోతారు. “సుడి తిరిగే కాడికి పోమాకయ్యా” అని మన ఊళ్ళలో పెద్దవాళ్ళు పిల్లలను కేకలేసేది ఉత్త భయంతో కాదు.

వాహనాల సంగతి ఇంకా కఠినం. చిన్న కారు సుమారు నాలుగు మీటర్ల పొడవు, మీటరున్నరకు పైగా వెడల్పు ఉంటుంది. నీరు దాని అడుగు భాగాన్ని దాటి మరో పదిహేను సెంటీమీటర్లు లేస్తే, పక్కకు తొలిగే నీటి బరువు దాదాపు తొమ్మిది వందల కిలోలు. కారు బరువూ అంతే. చక్రాలు నేలను వదిలేస్తాయి, ఇక స్టీరింగు పనిచేయదు. బస్సు బరువైంది కదా అన్న ధీమా కూడా చెల్లదు. పదకొండు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉన్న బస్సు అడుగు భాగాన్ని దాటి నలభై సెంటీమీటర్ల నీరు లేస్తే పదకొండు టన్నుల నీరు తొలుగుతుంది. లోపలికి నీరు రావడానికి కాస్త వ్యవధి పడుతుంది, ఆ వ్యవధిలోనే బస్సు పక్కకు జారుతుంది.

2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట, నందలూరు ప్రాంతంలో ఇది కళ్ళ ముందు జరిగింది. చెయ్యేరుకు ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీరు వచ్చి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంపింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ళ మీద తెల్లవారుజామున నీళ్ళు పడ్డాయి. దారిలో ఉన్న ఆర్టీసీ బస్సులు చిక్కుకుపోయాయి, ప్రయాణికులు పైకప్పుల మీదికి ఎక్కారు, కొందరు కొట్టుకుపోయారు. అది కూడా కార్తీకపు వానే, అదే ఈశాన్య రుతుపవనం. ఆ వరదే పెన్నలో కలిసి సోమశిల దగ్గర అయిదు లక్షల క్యూసెక్కులు దాటింది. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయి చెన్నై, విజయవాడల మధ్య రైళ్ళు నిలిచిపోయాయి.

అదే రోజున అప్పటి అనంతపురం జిల్లా వెల్దుర్తి దగ్గర చిత్రావతిలో జరిగిన సంఘటన ఈ పుస్తకం చదివే ప్రతి వాలంటీరూ గుర్తుంచుకోవాలి. ఏట్లో ఒక కారు చిక్కింది. అందులోని వాళ్ళను కాపాడాలని కొందరు జేసీబీ వేసుకుని వెళ్ళారు. కారులో వాళ్ళు జేసీబీ మీదికి చేరారు గానీ జేసీబీ వెనక్కి రాలేకపోయింది. మొత్తం పదిమంది ఆ యంత్రం మీద నిలబడి ఉండగా నీరు పెరిగింది. చివరికి బెంగళూరు యలహంక నుంచి వైమానిక దళం ఎంఐ-17 హెలికాప్టరు వచ్చి పదిమందినీ పైకి లాగింది. జేసీబీ బరువు ఏడెనిమిది టన్నులు, అది తేలదు. కానీ ప్రవాహం చక్రాల కింది ఇసుకను తొలిచేస్తుంది, ఇంజనులోకి నీరు పీల్చుకుంటే యంత్రం ఆగిపోతుంది. వెళ్ళినవాళ్ళ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఒకరి కోసం పదిమంది ప్రమాదంలో పడకుండా ఉండే పద్ధతి వాళ్ళకు ఎవరూ నేర్పకపోవడమే నా బాధ.

శిక్షణ ఉన్నా ముప్పు తప్పని చోట్లున్నాయి. అదే వరదలో నెల్లూరు జిల్లా దామరమడుగు దగ్గర జనాన్ని కాపాడే పనిలో ఉన్న రాష్ట్ర విపత్తు స్పందన దళం కానిస్టేబుల్ ఒకరు నీళ్ళలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎస్‌డీఆర్‌ఎఫ్ చొక్కా వేసుకున్నవాడికే అలా జరిగిందంటే, లుంగీ ఎగ్గట్టి దూకే కుర్రవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

సహాయ దళాలకు నేర్పే క్రమం సులువైంది. ఒడ్డున నిలబడే ఆదుకునే దారి ఉందేమో ముందు చూడాలి: గెడకర్ర, చీర, పంచె, ఏదైనా అందించాలి. అందకపోతే తాడు విసరాలి. అదీ కాకపోతే పడవ. మనిషి నీళ్ళలోకి దిగడం అన్నిటికన్నా ఆఖరు. తాడు విసిరే వాళ్ళు ప్రవాహానికి దిగువన నిలబడాలి. పట్టుకున్న మనిషిని ఎదురు లాగకూడదు. తాడును బిగించి పట్టుకుంటే ప్రవాహమే అతన్ని లోలకంలాగా ఒడ్డు వైపు తిప్పుతుంది. తాడు కొసను నడుముకు ముడివేసుకుని దిగడం అన్నిటికన్నా ప్రమాదం. ఎవరో వెనకనుంచి పట్టుకున్నారన్న ధైర్యం ఇస్తుంది గానీ, తాడు బిగిసిన క్షణం నీటి తోపు మనిషిని కిందికి తొక్కేస్తుంది, ముడి విప్పుకోవడానికి చేతులు ఆడవు. శిక్షణ పొందిన సిబ్బంది కట్టుకునే బెల్టుకు ఒక్క లాగుడుతో ఊడిపోయే కొక్కెం అందుకే ఉంటుంది.

కొట్టుకుపోతున్నవాడికి కూడా ఒక విద్య ఉంది. నిలబడే ప్రయత్నం చేయకూడదు. కాలు రాళ్ళ సందులోనో తీగల్లోనో ఇరుక్కుంటే ప్రవాహం ముందుకు వంచేస్తుంది. వెల్లకిలా పడుకుని, పాదాలు దిగువ వైపు పెట్టి పైకి తేల్చి ఉంచి, చేతులతో ఏటవాలుగా ఒడ్డుకు జరగాలి. తేలడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. నీటిలో ఉన్న మనిషి తల పైకి నిలబడడానికి ఏడెనిమిది కిలోల తేలుడు బలం చాలు, లైఫ్ జాకెట్లలో చాలా రకాలు ఇచ్చేది ఆ మాత్రమే. ఇంట్లో మంచినీళ్ళ ఇరవై లీటర్ల క్యాను ఖాళీగా మూత గట్టిగా బిగించి ఉంటే ఇరవై కిలోల దాకా ఎత్తి పట్టుకుంటుంది, ఇద్దరు పట్టుకోవచ్చు. మిరప తోటలో మందు కలిపే రెండు వందల లీటర్ల డ్రమ్ములు నాలుగు కలిపి కట్టి పైన తలుపు రెక్క వేస్తే ముసలివాళ్ళను, గర్భిణులను దాటించే తెప్ప అవుతుంది, కానీ మందు వాసన పోయేలా కడిగి ఉంచాలి. ఇవన్నీ వరద వచ్చినరోజు వెతికేవి కావు. దీపావళి నాటికే పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో ఒక మూలన పెట్టి ఉంచాలి.

పడవ దగ్గర మన తీరానికి సాటిలేని బలం ఉంది. పల్లెపాలెం ఫైబరు పడవ అలల మీద నడవడానికి కట్టింది. దానికి లోతు ఎక్కువ అక్కర్లేదు, పదిమందిని సునాయాసంగా మోస్తుంది. దాన్ని నడిపేవాడు గాలినీ నీటినీ ఒంటితో చదువుతాడు. 2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు అక్కడి మత్స్యకారులు పడవలను లారీల మీద ఎక్కించి లోపలి ఊళ్ళకు పోయి సుమారు 65 వేల మందిని బయటకు తెచ్చారు. సైన్యం, నావికాదళం, అన్నీ ఉన్న చోట అత్యధికంగా ఆదుకున్నది ఉప్పు చేతులే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ మీద పడ్డప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు డాబాల మీదికి దించారు, రబ్బరు పడవలు పోలేని సందుల్లో మనుషులు నడుముల్లోతు నీళ్ళలో పాల ప్యాకెట్లు మోశారు.

అయితే సముద్రంలో పండిన చెయ్యికి వీధి వరద కొత్త. సముద్రంలో ముళ్ళకంచె ఉండదు, కరెంటు తీగ ఉండదు, గోడ మూల ఉండదు. పొడుగు కాడ ఇంజను పంకా మునిగిన బోరు పైపుకు తగిలితే పడవ తిరగబడుతుంది. ఏట్లో అడ్డంగా దాటాలంటే పడవ ముందు కొసను ప్రవాహానికి ఎదురుగా కొద్ది కోణంలో పెట్టి, జారుతూ దాటాలి. నేరుగా అడ్డం తిరిగితే నీరు ఒక పక్క ఎక్కి బోర్లా వేస్తుంది. జాతీయ విపత్తు స్పందన దళం, అంటే ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్ళకు రబ్బరు పడవ, దాని వెనక బిగించే ఓబీఎం ఇంజను, తాళ్ళు, కోతయంత్రాలు, ప్రథమ చికిత్స తెలుసు. ఏ వీధి ఎక్కడ పల్లమో, ఎవరింట్లో మంచం పట్టిన ముసలివాళ్ళున్నారో, ఏ చెరువు గట్టు మీంచి దారుందో వాళ్ళకు తెలియదు. ఈ దళంలో పూర్తిస్థాయి బృందమంటే 45 మంది. మన ప్రాంతాన్ని చూసే పదో బెటాలియను గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉంది, అక్కణ్ణుంచి ఒంగోలు చేరడానికే జాతీయ రహదారి బాగున్నా గంటలు పడుతుంది. రహదారి మునిగిన రోజు అంత కన్నా ఎక్కువ. అందుకే ప్రతి ప్రభుత్వ పడవలో ఒక పల్లెపాలెం మనిషి, ప్రతి పల్లెపాలెం పడవలో ఒక శిక్షణ పొందిన మనిషి ఉండాలని నేను గట్టిగా అంటాను. పడవలకు డీజిలు ఎవరిస్తారు, తెడ్డు విరిగితే, ఇంజను పాడైతే నష్టం ఎవరు కడతారు అన్నవి కూడా ముందే రాసుకుని ఉండాలి. ఒక పడవ పాడైతే ఆ కుటుంబానికి వేట లేదు.

ప్రభుత్వం కూడా ఈ అవసరాన్ని గుర్తించింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపదమిత్ర పేరుతో పథకం మొదలుపెట్టింది. మొదట వరద ముప్పున్న 30 జిల్లాల్లో జిల్లాకు 200 మంది చొప్పున ఆరు వేల మంది వాలంటీర్లకు శిక్షణ ఇవ్వాలన్నది ఉద్దేశం, తర్వాత దాన్ని 350 జిల్లాల్లో లక్ష మందికి విస్తరించారు. శిక్షణ పన్నెండు రోజులు. పన్నెండు రోజుల్లో ఈత, తాళ్ళు, ప్రథమ చికిత్స నేర్పవచ్చు. కానీ తాడు ముడి, తాడు విసురు ఏడాదికి రెండుసార్లయినా నీళ్ళలో సాధన చేయకపోతే చేతులు మర్చిపోతాయి. కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ కుర్రాళ్ళు, డ్వాక్రా మహిళలు, మత్స్యకార సంఘాలు కలిసి సెప్టెంబరు ఆఖర్లో ఒక చెరువులో సాధన పెట్టుకుంటే డిసెంబరుకు చేతులు సిద్ధంగా ఉంటాయి. మహిళలు అని ఊరికే అనలేదు. 1977 తర్వాత వచ్చిన తుపాన్లలో ఇళ్ళు వదలడానికి మొరాయించేవాళ్ళను కదిలించిన వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే అని తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. బియ్యం, బర్రె, రేషను కార్డు వదిలి రాలేనన్న పక్కింటామెతో మాట్లాడగలిగేది ఇంకో ఆడమనిషి.

చలి గురించి ఒక మాట. మన డిసెంబరు చలి ఏ పాటిది అనుకుంటారు. నీటి ఉష్ణ వాహకత గాలి కన్నా దాదాపు ఇరవై నాలుగు రెట్లు, అందుకని అది ఒంటి వేడిని త్వరగా లాగేస్తుంది. రాత్రంతా డాబా మీద తడి బట్టలతో ఈదురుగాలిలో కూర్చున్న పసిబిడ్డకు, ముసలివాళ్ళకు ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి పడిపోవడం ఇక్కడా జరుగుతుంది. వణుకు మొదలవగానే వెచ్చబెట్టాలి, వణుకు ఆగి మాట తడబడితే ఇంకా ప్రమాదం. తడిబట్ట తీసేసి, పొడి దుప్పటి కప్పి, తలకు గుడ్డ చుట్టి, స్పృహ ఉంటే వేడి తియ్యటి టీ తాగించాలి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకూడదు, నిప్పుల కుంపటి పక్కన పెట్టకూడదు. అందుకని సహాయ పడవలో అన్నం పొట్లాలతో పాటు ప్లాస్టిక్ సంచిలో బిగించిన పొడి దుప్పట్లు ఉండాలి.

వరద రాత్రి ఊరి మగవాళ్ళు ఎక్కువమంది ఉండేది చెరువుకట్ట మీద. మట్టికట్టకు రెండు రకాలుగా గండి పడుతుంది. నీరు కట్ట మీంచి పొర్లితే వెనక వాలు కోసుకుపోతుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది. రెండోది బుంగ. కట్ట లోపలి నుంచి నీరు దారి చేసుకుని కింది పాదం దగ్గర ఊటగా వస్తుంది. ఊట నీరు తేటగా ఉంటే కాపలా కాయవచ్చు, బురదగా ఉంటే లోపల మట్టి కదులుతున్నట్టు. అప్పుడు ఊట మీద మట్టి కుమ్మరించి మూసేయాలని చేతులు ఉరుకుతాయి. అది తప్పు. అక్కడ మూస్తే పక్కన పగులుతుంది. ఊట చుట్టూ ఇసుక బస్తాలతో వలయం కట్టి, లోపల నీటిమట్టం లేచేలా చేస్తే ఒత్తిడి తేడా తగ్గి ఊట నెమ్మదిస్తుంది. బస్తాలు నోటిదాకా నింపకూడదు, మూడింట రెండు వంతులు నింపితేనే ఒకదానిమీద ఒకటి ఒదిగి కూర్చుంటాయి. అతుకులు ఇటుక పనిలాగే మార్చి పేర్చాలి.

నీరు తీశాక వాలంటీర్ల పని ఇంకో వారం ఉంటుంది. పాములు మిట్ట వెతుక్కుని ఇళ్ళలోకి, గడ్డివాముల్లోకి చేరి ఉంటాయి. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం మాని కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. ఆ మందు ఆసుపత్రిలోనే ఉంటుంది. బావుల్లో, చేతిపంపుల్లో మురుగు కలిసి ఉంటుంది. వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి లెక్క. బావి అడ్డుకొలతను దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, అన్నీ మీటర్లలో తీసుకుని, 785తో గుణిస్తే బావిలో ఉన్న లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల అడ్డుకొలత, నాలుగు మీటర్ల నీరు ఉన్న బావిలో పన్నెండు వేల లీటర్లకు పైన ఉంటాయి, దానికి ముప్పై గ్రాముల పైన పొడి కావాలి. బురద ఎక్కువగా ఉంటే ముందు తోడేయాలి. పొడిని ఒక బకెట్టు నీళ్ళలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రం చేదతో బావి లోపలికి దించి కలపాలి. గంట ఆగి, క్లోరిన్ పరీక్ష బిళ్ళతో లీటరుకు అర మిల్లీగ్రాము మిగిలి ఉందో లేదో చూశాకే తాగాలి. అప్పటిదాకా కాచిన నీళ్ళు. ఈ లెక్క తెలిసిన ఒక ఇంటర్ విద్యార్థి ప్రతి వీధికీ ఒకరు చొప్పున ఉంటే, వరద తర్వాత వారంలో అతిసారతో ఒంగోలు ఆసుపత్రికి పోయే పిల్లల సంఖ్య తగ్గుతుంది.